తొమ్మిదీ నలభై బండి

తెనాలిలో ఒక డిగ్రీ కాలేజీ గేటు ముందు, సోమవారం పొద్దున, యాభై ఏళ్ల మనిషి భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని ఒక ఆడపిల్ల ఎదుట తల వంచుకు నిలబడ్డాడు. ఆయన పేరు ముత్తయ్య. రేపల్లె పక్క పల్లెలో వ్యవసాయ కూలీ. పని మానుకుని కూతురితో పాటు బండెక్కి వచ్చాడు. ఎదుట ఉన్న అమ్మాయి ప్రిన్సిపాలు కాదు, లెక్చరరూ కాదు. బి.ఏ. మూడో సంవత్సరం చదివే సునీల, కాలేజీ విద్యార్థి సంఘం అధ్యక్షురాలు.

"పేర్లు రాసేది మీరేనంట గదమ్మా. మా జెన్నిఫర్ని పరీక్ష రాయనీరంట, హాజరు చాల్లేదంట. పిల్ల ఒక్కరోజు కూడా మానలేదమ్మా. జొరమొచ్చినా వచ్చింది. ఆ పేరు కాస్త కొట్టెయ్యండమ్మా," అన్నాడు ముత్తయ్య.

తండ్రి వయసు మనిషి తనను 'మీరు' అంటుంటే సునీలకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గుండెల మీది ఆకుపచ్చ బ్యాడ్జీని చున్నీతో కప్పుకుంది. జెన్నిఫర్ తండ్రి చెయ్యి పట్టుకు లాగింది.

"పద నాన్నా. ఆమెను బతిమాలొద్దు."

ఆ పేర్ల పుస్తకం ఎలా పుట్టిందో చెప్పాలి. చెప్పుకుంటే సిగ్గుచేటే, అయినా చెప్పాలి. కాలేజీకి గ్రేడు ఇచ్చే టీము వస్తోందని కరస్పాండెంటు నాగమల్లేశ్వరరావు గారు జూన్‌లోనే గేటు వేళను పదింటి నుంచి తొమ్మిదిన్నరకు జరిపాడు. రేపల్లె బండి తెనాలి చేరేది తొమ్మిదీ నలభైకి. దానికి ముందు బండి ఎక్కాలంటే చీకట్లో పొలాలకు అడ్డంపడి స్టేషనుకు నడవాలి. ఆ సంగతి ఆయనకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఆయన కారులో వస్తాడు.

ఆయన సునీలను గదిలోకి పిలిచి కుర్చీ వేయించి కాఫీ తెప్పించాడు. "పిల్లలు సొంతంగా ఏదో ఒక కొత్త కార్యక్రమం మొదలుపెట్టాలమ్మా. టీము వాళ్లు అడిగేది అదే. నాయకత్వమంటే అదీ," అన్నాడు. ఆ గదిలో కూర్చోమన్నవాళ్లే అంతవరకు లేరు ఆమెను. కాఫీ తలకెక్కింది. వారం తిరక్కుండా 'సమయపాలన దళం' తయారైంది. ఎనిమిది మంది, ఎనిమిది బ్యాడ్జీలు, ఆలస్యంగా వచ్చినవాళ్ల పేర్లు రాయడానికి గేటు దగ్గర ఒక పుస్తకం. మూడు ఆలస్యాలు కలిస్తే ఒక గైర్హాజరు అన్న నిబంధన కరస్పాండెంటు పెట్టింది కాదు. ఎవరూ అడక్కుండా సునీలే పెట్టింది. నోటీసు బోర్డులో ఆమె ఫొటో వేశారు.

సునీలది వేమూరు. కౌలు రైతు కూతురు. మొదటి ఏడాదంతా తానూ ఆ బండిలోనే వచ్చింది. హాస్టల్లో సీటు దొరికాక ఆ బండి వేళ మరిచిపోయిందా అంటే, లేదు. గుర్తు చేసుకోలేదు, అంతే. ఇప్పుడు పరీక్షకు పనికిరారని పదిహేడు మంది పేర్లు అంటించారు. పదిహేడు మందీ బండి పిల్లలే.

మధ్యాహ్నం జెన్నిఫర్ సంగతి అడగడానికి సునీల కరస్పాండెంటు గది ముందు గంటసేపు నిలబడింది. ఈసారి కుర్చీ లేదు. చివరకు ఆయన ఒక కాగితం మీద సంతకం చేసి ఇచ్చాడు.

"సరే, నీ మాట తీసెయ్యలేను. ఆ జెన్నిఫరొక్కతి రాసుకోనీ. బయట చెప్పమాకు."

సునీలకు గుండెల మీది బరువు దిగిపోయినట్టయింది. ఆ సాయంత్రమే కాగితం తీసుకుని రేపల్లె బండెక్కింది. పెట్టెలో బండి పిల్లలు మిగిలిన పెరుగన్నం పంచుకుంటున్నారు, ఒళ్లో రికార్డులు పెట్టుకుని బొమ్మలు గీస్తున్నారు. ఆమెను చూసి మాటలు ఆపేశారు. ఒకప్పుడు ఆమె కోసం చున్నీ పరిచి చోటు పట్టిన పెట్టె అది. ఇప్పుడు ఎవరూ జరగలేదు. నిలబడే కాగితం అందించింది.

జెన్నిఫర్ చదివి పక్కవాళ్లకిచ్చింది. కాగితం పెట్టంతా తిరిగి వచ్చింది.

"మరి మిగతా పదహారు మంది?" అంది జెన్నిఫర్.

"వాళ్ల సంగతి నిదానంగా చూద్దాం. ముందు నీది..."

"నాదే ఎందుకు? మా నాన్న నీ ముందు తలొంచుకున్నాడనా? నీ సిగ్గు తీరడానికి నేను పరీక్ష రాయాలా అక్కా?"

 చెంప మీద కొట్టినా అంత మండేది కాదు, ఎందుకంటే ఆ పిల్ల అన్నది అక్షరాలా నిజం.

భట్టిప్రోలు కుర్రాడు యలమంద కిటికీ దగ్గర నుంచి లేచాడు. "ఒక కాలు పట్టుకుంటే ఒకళ్లకి పర్మిషనిచ్చాడు. రెండో కాలు పట్టుకుంటే ఇంకొకళ్లకిస్తాడు. ఆయనకున్నవి రెండు కాళ్లేగా, మేం పదిహేడు మందిమి!"

పెట్టంతా గొల్లుమంది. ఆ నవ్వులో సునీల ఒక్కతే నవ్వలేకపోయింది.

"ఏం చెయ్యాలో మీరే చెప్పండి. నేను ముందుంటాను," అంది.

"నువ్వు ముందుండి చేసింది చాల్లే," అన్నాడు యలమంద.

జెన్నిఫర్ కాగితం నాలుగు ముక్కలు చేసింది. "హాస్టలు వాళ్లకి చెప్పక్కా. మా గురించి మంచిగా చెప్పక్కర్లేదు. నువ్వు చేసింది చెప్పు. ఈ బండి ఎన్నింటికొస్తదో చెప్పు. చాలు."

మర్నాడు పొద్దున హాస్టలు మెస్సులో, అందరూ టిఫిన్ల ముందు కూర్చున్న వేళ, సునీల లేచి నిలబడింది.  బండి వేళ చెప్పింది, పదిహేడు పేర్లు చదివింది.

"మాకేంటి? మేం తొమ్మిదింటికే క్లాసులో ఉంటాంగా," అంది సుష్మ. అదే హాస్టలు, అదే దళం. ఆమెకూ బ్యాడ్జీ ఉంది.

"మూడు ఆలస్యాలకి ఒక హాజరు కొట్టెయ్యమన్నది ఆయన కాదు సుష్మా. నేను. ఆయన మెప్పు కోసం."

"ఛీ," అంది సుష్మ. సునీల తల దించుకుంది. ఆ మాట ఆమెకు న్యాయంగా రావలసిందే.

అప్పుడు బాపట్ల అమ్మాయి ప్రేమకుమారి పళ్లెం పక్కకు నెట్టింది. "ఇవాళ బండి పిల్లల పేర్లు రాశారు. రేపు మెస్సు గురించి నోరెత్తితే మన పేర్లు రాస్తారు. రాసేది కూడా మనచేతే రాయిస్తారు!" మాట మీద మాట పెరిగింది. కొందరు మెస్సులోంచి లేచిపోయారు. మిగిలినవాళ్లు అబ్బాయిల హాస్టలుకూ కబురంపారు.

గురువారం హాస్టలు పిల్లలు కాలేజీకి వెళ్లలేదు. స్టేషనుకు వెళ్లారు. తొమ్మిదీ నలభైకి బండి ఆగేసరికి ప్లాట్‌ఫారం నిండా నూట యాభై మంది! దిగబోతున్న జెన్నిఫర్ మెట్టు మీదే ఆగిపోయింది. వెంటనే యలమంద గొంతెత్తాడు. అందరూ కలిసి కాలువ వంతెన దాటి, బజారు మీదుగా నడిచారు. టీ కొట్ల దగ్గర జనం గ్లాసులు పట్టుకుని నిలబడి చూశారు. సునీల అందరికంటే వెనక నడిచింది. ఎవరూ ఆమెను రమ్మనలేదు, పొమ్మనలేదు.

గేటు మూసే ఉంది. ఊచల అవతల కరస్పాండెంటు.

"హాస్టలు వాళ్లు లోపలికి రండి! మీకు తాళం తీయిస్తా. బండి వాళ్ల గొడవ మీకెందుకు?"

ఇరవై మంది దాకా తలలు వంచుకుని లోపలికి పోయారు. ఉన్నమాట దాచి లాభం లేదు. మిగిలిన అందరూ రోడ్డు మీద కూర్చున్నారు. కూర్చున్నవాళ్లలో సుష్మ ఉంది.

"గేటు పదింటికి మార్చాలి!"

"పదిహేడు మందీ పరీక్ష రాయాలి!"

పదకొండింటికి పోలీసులొచ్చారు. "మీ లీడరెవరు?" అన్నాడు ఎస్సై.

కరస్పాండెంటు ఊచల సందులోంచి వేలు చాపాడు. "అదిగో, వెనకున్న ఆ అమ్మాయేనండి! లీడర్ని చేసింది నేనేనండి!"

మహిళా కానిస్టేబులు వచ్చి సునీల రెక్క పట్టుకుంది. జెన్నిఫర్ దిగ్గున లేచింది.

"ఆమె కాదండి లీడరు. మొన్నటిదాకా మా పేర్లు రాసింది ఆమే!"

"మరెవరు?"

"బండి దిగినోళ్లందరం అండి."

ఎస్సైకి ఆ జవాబు పనికిరాలేదు. పట్టుకుపోవడానికి ఆయనకు ఒక మనిషి కావాలి. సునీలను జీపు వైపు నడిపించారు. ఆమె పెనుగులాడలేదు. ఎక్కబోతూ ఒకసారి తిరిగి చూసి, "కూర్చోండి, లేవకండి," అంది. ఎవరికైనా వినబడిందో లేదో తెలియదు.

జీపు బజారు రద్దీలో నెమ్మదిగా కదిలింది. కాసేపటికి వెనక నుంచి చెప్పుల చప్పుడు, కేకలు. కొందరు గేటు దగ్గరే ఉండిపోయారు, మిగతావాళ్లు లేచి పోలీసు స్టేషను దాకా నడిచి వస్తున్నారు. సునీల చెవులు రిక్కించింది. పాత అలవాటు, తన పేరు వినబడుతుందేమోనని. "గేటు పదింటికి మార్చాలి, పదిహేడు మందీ పరీక్ష రాయాలి," అంటున్నారు. ఆ కేకల్లో ఎక్కడా ఆమె పేరు లేదు. నాలుగు రోజుల్లో మొదటిసారి ఆమెకు ఊపిరి సరిగా ఆడింది. కానిస్టేబులు వద్దంటున్నా వినకుండా, జీపులోంచే, వాళ్లతో గొంతు కలిపింది.