బోల్టు సంగతి రాసిన కార్డు

మా ఆయన సదయ్య పోయాక, యాభై రెండో ఏట నేను అక్షరాలు నేర్చుకున్నాను. అవి మరిచిపోకూడదని నా బిడ్డ హర్షిణి వారానికొక పోస్టుకార్డు రాసేది. విమానాలు నడపడం నేర్పే ఓ ప్రైవేటు బడిలో అది మెకానిక్. గోదావరిఖనిలో మా వీధి మొత్తంలో విమానాన్ని విప్పి బిగించగల మనిషి అదొక్కతే.

మొన్నటి ఎండాకాలం అక్కడ ఒక చిన్న ఫ్యాను విమానం నేల విడవలేక రన్‌వే చివరి గోడకు కొట్టుకుంది. నేర్పే సారు, నేర్చుకునే అమ్మాయి ఇద్దరూ చనిపోయారు. విమానం ఆగి ఉన్నప్పుడు గాలికి రెక్కల అంచులు, తోక కొట్టుకోకుండా స్టీరింగుకు ఒక పిన్ను పెడతారు. ఎగిరే ముందు తీయాలి. కంటపడాలని దానికి ఎర్ర గుడ్డ కడతారు. ఆ రోజు పిన్ను బదులు అక్కడున్నది గుడ్డ లేని బోల్టు. ఎవరూ చూడలేదు, తీయలేదు.

"మెకానిక్ మాకు చెప్పకుండా పెట్టింది" అన్నారు యజమానులు. పిన్ను పోయిందని హర్షిణి రాసిచ్చిన కాగితం వాళ్ల ఫైల్లో లేదు. హర్షిణిని ఇంటికి పంపేశారు.

నేను కార్డుల కట్ట విప్పి, వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివాను. మూడో రోజు దొరికింది. ప్రమాదానికి ఇరవై రోజుల ముందటి తపాలా ముద్ర.

"అమ్మా, ఎర్ర గుడ్డ పిన్ను పోయింది. కొత్తది తెప్పియ్యమని మేనేజరుకు రాసిచ్చిన. చూద్దాం అన్నడు. అప్పటిదాంక నేనే ఒక బోల్టు పెట్టిన."

పక్కింటి కొమురెల్లి మా ఆయనతో బొగ్గు బాయిలో పనిచేసినవాడు. కార్డు చదివి గొంతు తగ్గించాడు.

"వదినె, బోల్టు సంగతున్న కింది ముక్క కత్తిరియ్యి. ఎలుక కొరికిందని చెప్పు."

"ఎలుకకు సదువొచ్చా, కాకా, సరిగ్గ ఆ ముక్కనే కొరికెతందుకు?" అంది హర్షిణి.

"నవ్వులాట కాదు బిడ్డా. లైసెన్సు పోతది."

"నాన్న రోజూ బాయిల కట్టెతోని పైకప్పు కొట్టి చూసెటోడు గద. బోలు చప్పుడొచ్చి కూలెటట్టుంటే, కింద తను నిలవెట్టిన సపోర్టే ఉన్నదని చెప్పకుంట ఊకున్నడా?"

కొమురెల్లి కార్డు నా చేతికిచ్చేశాడు. ఒకసారి బాయి పైకప్పు కూలేముందు మా ఆయన కేక విని బయటికి ఉరికి బతికినవాళ్లలో తనూ ఒకడు.

నిజం చెప్పాలంటే, అప్పటికే కత్తెర నా ఒళ్లో ఉంది. తీసుకెళ్లి పెట్టెలో పెట్టేశాను.

కార్డు మొత్తం విచారణకు పంపాం. తెలుగులోకి మార్చి ఇచ్చిన నివేదికను నేనే చదివాను, రెండు రోజులు పట్టింది. కారణాలు మూడు రాశారు: పిన్ను తెప్పించని యజమానులు, హర్షిణి పెట్టిన గుడ్డ లేని బోల్టు, కదిలే ముందు స్టీరింగు తిప్పి చూడని సారు. హర్షిణి లైసెన్సు ఆరు నెలలు ఆపారు.

కూరగాయలమ్మే రమ అడిగింది.

"అక్కా, మీ పిల్ల తప్పేం లేదన్నరా?"

"ఉందన్నరు," అన్నాను, వంకాయలు ఏరుతూ. "ఆ తప్పు వాళ్లకు చెప్పింది మా పిల్లనే."