పడుకోనివ్వని బల్ల

నేను ఒక సిమెంటు బల్లని. నా ఒంట్లోకి రెండు ఇనప కమ్మీలు దిగేయించిన కోరాడ భీమేశ్వరరావు అనే పెద్దమనిషిని మీరెరుగుదురో లేదో నాకు తెలియదు. ఎరగకపోతే మీ అదృష్టం. మా ఊళ్ళో మాత్రం ఆయన్ని ఎరగనివాళ్ళు లేరు. సిమెంటు కొట్టు ఆయనది. గుడి కమిటీలో ఆయనే, కల్యాణమండపం కమిటీలో ఆయనే, చివరికి ఇల్లు లేనివాళ్ళ కోసం పెట్టిన కమిటీలోనూ ఆయనే. నేను పుట్టడమే ఆయన పెరట్లో పుట్టాను. అందుకే ఇంత కడుపుమంట. పరాయివాడు చేస్తే సరిపెట్టుకుందును.

ఒక వానాకాలం ఆయన కొట్లో కొన్ని బస్తాలు చెమ్మ పట్టి గడ్డకట్టాయి. అమ్ముడుపోయే సరుకు కాదు. పారబోయడానికి మనసొప్పలేదు. సరిగ్గా అప్పుడే తండ్రి సంవత్సరీకం వచ్చింది. గడ్డలు చితక్కొట్టించి, జల్లెడ పట్టించి, చెక్క అచ్చులో నన్ను పోయించాడు. పోసిన మేస్త్రీ నసుగుతూనే చెప్పాడు.

"బాబూ, ఈ సిమెంటు బిగువు పట్టదండి. పెచ్చులు లేసిపోద్ది."

"కూకోడానికే కదరా. కాపురం సెయ్యడానికా," అన్నాడాయన.

అలా చెడిపోయిన సరుకుతో పితృభక్తి తయారైంది. కీర్తిశేషులు కోరాడ సన్యాసిరావు గారి జ్ఞాపకార్థం అని నా వీపు మీద చెక్కించారు. తండ్రి పేరు చిన్న అక్షరాల్లో, కింద కొడుకు పేరు పెద్ద అక్షరాల్లో. చచ్చిపోయినవాడు చదువుకోడు కదా. తీసుకొచ్చి ప్రభుత్వాసుపత్రి ఎదురుగా, బస్టాపు రేకుల కింద దింపారు. రిబ్బను కత్తిరించారు. నా మూల మీదే కొబ్బరికాయ కొడితే ఆ మూల పెచ్చు ఎగిరిపోయింది. ఎవరూ చూడలేదు. ఫొటోలో ఎవరెక్కడ నిలబడాలన్నదే అక్కడి గొడవ.

ఆ తర్వాత మనుషులు వచ్చి కూర్చున్నారు. మనుషుల మీద మీకు గొప్ప అభిప్రాయం ఉందంటే, మీరు వాళ్ళని కింద నుంచి చూడలేదన్నమాట. కిళ్ళీ వేసుకుని వేలికంటిన సున్నం నాకే రాస్తారు. వేరుశెనగ తొక్కలు నా కాళ్ళ దగ్గరే పోస్తారు. రోగిని చూడడానికని వచ్చి, రోగి తేలడం లేదు మునగడం లేదని విసుక్కుంటూ బస్సెక్కుతారు. వాళ్ళ ముక్కు చీదిన చేతులన్నీ నేను మోశాను. నన్ను తుడిచి కూర్చున్నదల్లా ఒక్కతే, బంగారమ్మ.

బంగారమ్మది కొండవార పల్లె. మొగుడు ఇటుకబట్టీ పనికి పోయి అక్కడే పోయాడు. కొడుకు గౌరీసుకి పాతికేళ్ళు ఉంటాయి. ఒడ్డూ పొడుగూ ఉన్నవాడే గాని ఫిట్సు జబ్బు. ఆసుపత్రి మందుల కోసం ఈ ఊరు వచ్చి గది అద్దెకి తీసుకున్నారు. ఆమె నాలుగిళ్ళలో పాచిపని చేసి అద్దె సరిగ్గానే కట్టేది. ఒకనాడు గౌరీసు వాకిట్లో పడి కొట్టుకుంటుంటే పక్కవాటా పిల్లలు జడుసుకున్నారట. ఇంటివాడు సామాను వీధిలో పెట్టాడు. ఆ తర్వాత ఏ వీధిలో అడిగినా మొదట గది చూపించేవాళ్ళు, కుర్రాణ్ణి చూశాక తాళంచెవి కనపడటం లేదనేవాళ్ళు. అద్దె ఇవ్వగలిగి కూడా గడప దొరక్క వాళ్ళిద్దరూ నా దగ్గరికి చేరారు.

రాత్రిపూట కొడుకుని నా మీద పడుకోబెట్టేది, మొహం నా వీపు వైపుకి. ఒకవైపు నేను అడ్డం, రెండోవైపు కింద గోనె మీద ఆమె. తన కొంగు చివర తీసి అతని మణికట్టుకి ముడేసేది. ఫిట్సు వస్తే చెయ్యి గుంజుతుంది, కొంగు గుంజుతుంది, ఆమె లేస్తుంది. లేచి పక్కకి తిప్పి, నోటి నురగ తుడిచి, ఆగేదాకా తల పట్టుకునేది. ఆమె చేతికి అందే దూరంలో ఉన్నంతకాలం గౌరీసు బతుకుతాడు. దాటితే బతకడు. ఆమెకి కావలసింది ఇల్లని కూడా నేననను. ఆ దూరం ఒక్కటే కావాలి.

అప్పట్లో వాళ్ళకి సాయం చెయ్యడానికి ఏర్పాటంటూ ఏమీ లేదు. పక్కన టీ బడ్డీ పెట్టుకున్న అప్పలకొండ వాళ్ళ మూట తన బడ్డీలో దాచేవాడు. ఆసుపత్రి ఆయా ఎవరో తెల్లవారకముందే స్నానాలగది గడియ తీసి ఉంచేది. గస్తీ పోలీసు చూసీ చూడనట్టు పోయేవాడు. ఎవరికివారు, ఇంకొకరితో చెప్పుకోకుండా, తమకి చేతనైంది చేశారు. అందుకే రోజులు గడిచాయి.

ఆ ఏడు చలి ముదిరింది. ఊళ్ళో ధర్మాత్ములందరికీ ఒకే వారంలో దుప్పట్లు గుర్తొచ్చాయి. వర్తకసంఘం వచ్చింది, మహిళామండలి వచ్చింది, ఇంగ్లీషు పేరున్న క్లబ్బు వచ్చింది. అన్నదానమూ అంతే. శనివారం అందరూ పులిహోర పొట్లాలు తెచ్చేవాళ్ళు, మిగిలిన వారమంతా ఆసుపత్రి కుళాయి నీళ్ళే. బంగారమ్మ ఒళ్ళో దుప్పటి మీద దుప్పటి పడింది. భీమేశ్వరరావు ఇచ్చినదాని నడిమధ్యన ఆయన తండ్రి పేరు అచ్చేసి ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆసుపత్రిలో ఫిట్సు మాత్రలు అయిపోయాయి, బయట కొనుక్కోమన్నారు. మాత్రలు మాత్రం ఎవరూ పంచలేదు. మాత్ర మీద పేరు అచ్చెయ్యడం కుదరదు కదా. ఆమె రెండు దుప్పట్లు ఉంచుకుని, మిగిలినవి ఆటోవాళ్ళకి అమ్మి మాత్రలు తెచ్చింది.

తన తండ్రి పేరు ఒక ఆటో సీటు మీద ఎవడి పిర్రల కిందో ఉండడం భీమేశ్వరరావు కళ్ళబడింది. ఆ దెబ్బతో ఊళ్ళో నిరాశ్రయుల సమన్వయ కమిటీ పుట్టింది. చలికి పుట్టలేదు, ఆకలికి పుట్టలేదు. ఆటో సీటుకి పుట్టింది.

పరిశీలన అని చెప్పి ఒక సాయంత్రం కమిటీ అంతా బస్టాపుకి వచ్చింది. బంగారమ్మని నిలబెట్టి వాళ్ళు నా మీద కూర్చున్నారు.

"నువ్వేనా దుప్పటి అమ్మేసింది?" అన్నాడు భీమేశ్వరరావు.

"నానే బాబూ. గుంటడికి మందులయిపోనాయి."

"మందులు కావాలని అడగొచ్చు కదా."

"ఎవుల్నడగను బాబూ? దుప్పటిచ్చినోలు ఫొటో తీసుకుని ఎలిపోనారు."

టీ గ్లాసులు అందిస్తున్న అప్పలకొండకి నోరు ఊరుకోలేదు. "అమ్మకపోతే ఏటి సేస్తాది బాబూ. మీరిచ్చినవన్నీ కప్పుకుంటే సలికి కాదు, బరువుకి సస్తాది."

"నీ బడ్డీకి లైసెన్సుందేటిరా?" అన్నాడు భీమేశ్వరరావు, టీ ఊదుకుంటూ.

అప్పలకొండ గ్లాసులు కడుక్కోడానికి పోయాడు.

"ఎవరికి తోచింది వాళ్ళు చెయ్యబట్టే ఈ దరిద్రం," అన్నాడాయన కమిటీ వైపు తిరిగి. "పని పంచుకుందాం."

పంచుకున్నారు. మగవాళ్ళు వర్తకసంఘానికి; వాళ్ళ పాత గిడ్డంగిలో వసతి. ఆడవాళ్ళు మహిళామండలికి, వాళ్ళ సదనం ఏటికవతల పొరుగూళ్ళో. మతి చెడినవాళ్ళని పట్నం పంపే పని క్లబ్బుకి. పెళ్ళిభోజనాల్లో వడ్డన పంచుకున్నట్టే. పప్పు గరిటె పట్టినవాడు పులుసు బకెట్టు ముట్టుకోడు. విస్తరి ముందు కూర్చున్నవాడికి అన్నమే పడలేదని ఎవరూ చూడరు.

బంగారమ్మ చేతులు కట్టుకుని అంతా వింది. "బాబూ, మమ్మల్నిద్దర్నీ ఒక్కకాడ ఉంచండి. పశువుల సావిడైనా పరవానేదు. రేత్రి గుంటడికి ఫిట్సొస్తే నాను పక్కనుండాల."

"మగాళ్ళ వసతిలో ఆడమనిషిని ఎలా పెడతామమ్మా," అన్నాడు వర్తకసంఘం ఆయన.

"అంత మగపిల్లాణ్ణి మా ఆడవాళ్ళ మధ్యకి ఎలా తేగలం," అన్నారు మహిళామండలి రమాసుందరి గారు. చాలా నొచ్చుకుంటూనే అన్నారు.

"కుర్రాడి మతి బాగానే ఉంది కదండీ. మా కిందికి రాడు," అన్నాడు క్లబ్బు ఆయన.

"పోనీ ఈ బల్ల మీదే మమ్మల్ని ఒదిలీండి బాబూ," అంది ఆమె.

కమిటీ లేచి బట్టలు దులుపుకుంది. ఊళ్ళో నిరాశ్రయులు కనపడకూడదన్నదే కమిటీ ఆశయం. వాళ్ళకి ఆశ్రయం దొరకాలన్నది వేరే సంగతి.

కొద్దిరోజులకి వ్యాన్లు వచ్చాయి. పొద్దున్నే వచ్చాయి, గౌరీసు ఇంకా నిద్రలోనే ఉన్నాడు, మణికట్టుకి ముడి ఉంది. బంగారమ్మ ఆ ముడిని గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. రమాసుందరి గారు చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని పక్కన గొంతుక్కూర్చున్నారు. రాత్రంతా గుంజి గుంజి బిగిసిపోయిన ముడి అది. "ఏం కాదమ్మా. అందరం ఉన్నాం కదా. అన్నీ చూసుకుంటారు," అంటూ ఆవిడ ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, ముడి ఓపిగ్గా విప్పారు. తిట్టి లాగేసి ఉంటే నాకింత రోత పుట్టేది కాదు. కర్కశత్వాన్ని నేనెరుగుదును, దాంతోనే తయారయ్యాను. అంత తియ్యగా మాట్లాడుతూ అంత పని చెయ్యడమే నేనెరగను.

"యమ్మా, ఎక్కడికే?" అన్నాడు గౌరీసు వ్యాను మెట్టు మీంచి.

"నువ్వు ముందెల్లు నాయనా. నానొచ్చీస్తాను. ఇక్కడికే వొచ్చీస్తాను."

అతని వ్యాను గిడ్డంగి వైపు పోయింది. ఆమెది వంతెన వైపు పోయింది.

ఖాళీ అయిన బల్ల మళ్ళీ నిండకూడదు కదా. ఆ మధ్యాహ్నమే మిషను పట్టుకుని ఇద్దరు మనుషులు వచ్చి నాకు బెజ్జాలు వేశారు. వంచిన ఇనప కమ్మీలు రెండు నిలబెట్టి బోల్టులు బిగించారు. ఒక బల్లని మూడు కుర్చీలు చేశారు. పత్రికాయన వచ్చి ఇవేమిటండీ అనడిగితే, "ముసలాళ్ళు లేచేటప్పుడు పట్టుకోడానికండి," అన్నాడు భీమేశ్వరరావు. పత్రికాయన వెళ్ళాక జేబురుమాలు తీసి నా వీపు మీద అక్షరాలు తుడుచుకున్నాడు.

"ఇన్నాళ్ళూ మా నాన్న పేరు ఎవడో ఒకడి ఒంటి చాటునే ఉండిపోయిందండి," అన్నాడు రమాసుందరి గారితో.

ఆవిడ అయ్యో అన్నారు. మర్నాటికి నా నెత్తి మీద ఫ్లెక్సీ కట్టారు, నిరాశ్రయులు లేని పట్టణం అని. అందులో కమిటీవాళ్ళ మొహాలన్నీ ఉన్నాయి. బల్ల కూడా ఉంది.

ఆ మర్నాడు గౌరీసు ఒక్కడూ నడుచుకుంటూ వచ్చాడు. గిడ్డంగిలో ఫిట్సు వచ్చిందట. పక్కవాళ్ళు హడలిపోయి బయటికి పరిగెత్తారట. ఇలాంటి కేసులు మావి కావని కాపలావాడు గేటు బయట వదిలేశాడట. అప్పలకొండ టీ పోసిచ్చి కూర్చోబెట్టాడు.

"మీ యమ్మేదిరా?"

"ఇక్కడికే వొచ్చీస్తానంది. నానిక్కడే ఉంటాను."

అప్పలకొండ భీమేశ్వరరావుకి ఫోను చేశాడు. ఆయన వర్తకసంఘానికి చెప్పమన్నాడు. వర్తకసంఘం, జబ్బు మనిషి కాబట్టి క్లబ్బుకి చెప్పమంది. క్లబ్బు, తల్లి సంగతి కాబట్టి మహిళామండలికి చెప్పమంది. మహిళామండలి, మీటింగులో పెడతామంది. ఒకప్పుడు ఎవరికివారు ఏదో ఒకటి చేసేవాళ్ళు. ఇప్పుడు ఎవరికివారు పక్కవాణ్ణి చూపిస్తున్నారు. దీన్నే సమన్వయం అంటారని నాకప్పుడు తెలిసింది.

గౌరీసు పడుకుందామని చూశాడు. కాళ్ళు ఒక కమ్మీ మీదినుంచి వేశాడు, నడుం ముడుచుకున్నాడు, తల రెండో కమ్మీ కిందికి దూర్చబోయాడు. ఏ రకంగానూ కుదరలేదు. చివరికి మధ్య ముక్కలో కూర్చునే కునికాడు. పొద్దు వాలే వేళకి ఫిట్సు వచ్చింది. పడుకున్నవాడికి వస్తే నా వీపు అడ్డం ఉంటుంది. కూర్చున్నవాడికి ఏదీ అడ్డం ఉండదు. పక్కకి విరుచుకుపడ్డాడు. కణత తిన్నగా వెళ్ళి ఇనుముకి తగిలింది, ఒకసారి కాదు, ఒళ్ళు కొట్టుకున్నన్నిసార్లూ తగిలింది. అప్పలకొండ పాలగిన్నె పొయ్యి మీదే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. భుజాన వేసుకుని రోడ్డు దాటాడు. ఆసుపత్రి ఎదురుగానే ఉంది. ఎదురుగా ఉండి కూడా అక్కరకి రాలేదు.

మర్నాడు బంగారమ్మ వచ్చింది. సదనంలో వద్దంటున్నా వినకుండా వంతెన మీద నడిచి వచ్చింది. చేతిలో మాత్రల పొట్లం ఉంది. అక్కడి నర్సుని బతిమాలి తెచ్చుకుందట.

"తమ్ముడూ, నా గుంటడొచ్చినాడా?" అంది.

అప్పలకొండ బడ్డీ వదిలి వచ్చాడు. "కూకో అక్కా," అన్నాడు.

ఆమె ఎప్పటిలాగే ముందు నన్ను చేత్తో తుడవబోయింది. చెయ్యి కమ్మీకి తగిలింది.

"ఇయ్యెవులెట్టినారు?"

"కమిటీవోలు."

"ఎందుకట?"

"ముసిలోలు లెగిసినప్పుడు పట్టుకోడానికట."

ఆమె ఆ చివరి ముక్కలో ఒదిగి కూర్చుంది. అప్పలకొండ నేల మీద కూర్చుని గౌరీసు పోయిన సంగతి చెప్పాడు. ఆమె ఏడవలేదు. గౌరీసు మణికట్టుకి కట్టే కొంగు చివర తీసి, తన చేతికే చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకుంది. చాలాసేపటికి లేచింది. లేవడానికి ఆ కమ్మీ మాత్రం పట్టుకోలేదు. తర్వాత ఏ వైపు వెళ్ళిందో, ఎవరి చేతికింద ఉందో నాకు తెలియదు. కమిటీకి అసలే తెలియదు.

కమిటీ సంతాపం తెలిపిందని అప్పలకొండ ఎవరితోనో అంటుంటే విన్నాను. అంతటితో ఆగలేదు, మిగిలిన బస్టాపుల్లో బల్లలకి కూడా కమ్మీలు పెట్టిస్తున్నారట. ముసలాళ్ళు మెచ్చుకున్నారట. నా దగ్గర ఏ ముసలివాడూ వాటిని పట్టుకుని లేవడం నేను చూడలేదు. సంచులు తగిలిస్తున్నారు. ఒకాయన తడి గొడుగు తగిలించాడు. ఆ నీళ్ళు బోల్టు బెజ్జంలోకి దిగి, లోపల ఇనుము తుప్పు పడుతోంది. గడ్డల సిమెంటు, ఎన్నాళ్ళో ఆగదు. ఆగకపోయినా నాకు బెంగలేదు.

నేను పోగొట్టుకున్నదేమిటో చెప్పి ఊరుకుంటాను. ఒక మనిషి ఒళ్ళు చాచి పడుకునే జాగా. పొడవు ఆరడుగులు, వెడల్పు అడుగున్నర. అంతా కలిపి ఒక్క చదరపు గజం.