విజిల్ లేని కుక్కర్

శైలజ కుక్కర్ మూత బిగించి, అలవాటుగా విజిల్ తీసి గట్టు మీద పెట్టింది. పెట్టాక నాలిక్కరుచుకుంది. మొగుడు మురళికి నైట్ డ్యూటీలు పోయి జనరల్ షిఫ్టు వచ్చి ఆర్నెల్లు దాటింది. పగటిపూట ఆ క్వార్టర్లో ఇప్పుడు నిద్రపోయేవాళ్ళే లేరు.

పెళ్ళై జంషెడ్‌పూర్ వచ్చిన రోజే అత్త ధనమ్మ ఆమె గాజులకు పాత చీర పేలిక చుట్టింది. "నైట్ డ్యూటీ సేసొచ్చి పడుకున్నాడమ్మా. మగోడు నిద్దరోతుంటే ఆడదాని గాజు కూడా మోగకూడదు." పుట్టినూళ్ళో పూజా పందిట్లో మైకు లేకుండా చివరి వరుసదాకా వినిపించేలా పాడిన పిల్ల, ఆ రోజునుంచి గుసగుసల్లోనే కాపురం చేసింది. ఫోన్లో వాళ్ళమ్మ "జొరమేటే, గొంతు రాటం లేదు?" అని అడిగేది. ధనమ్మ పోయింది. ఆవిడ "ష్" మాత్రం పోలేదు. దయ్యాలు మర్రిచెట్టే వెతుక్కోవాలా ఏమిటి, కోడలి గొంతులో కావలసినంత చోటు.

మియో కనెదా అనే పాటగత్తెను కూతురు బిందుప్రియ ఫోన్లో చూపించింది. జపాన్‌లో చేపల రేవు పిల్ల. ఇరవై నిండగానే గిటార్ తగిలించుకుని స్టేడియాలు ఊపేసింది. కట్టుకున్నవాడు పాటల కంపెనీ యజమాని. "ఇంటావిడకు ఆ కేకలెందుకు" అన్నాడట. ఏళ్ళ తరబడి మైకు ముట్టలేదు. విడిపోయి మళ్ళీ స్టేజీ ఎక్కేసరికి గొంతు తుప్పు పట్టింది. ఆ తుప్పుతోనే చచ్చిపోయేదాకా పాడింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా వింటుంటే శైలజకు ఒళ్ళు జలదరించేది. చచ్చినావిడ రోజూ ఇయర్‌ఫోన్లలోంచి "మరి నీ గొంతేది?" అని అడుగుతున్నట్టే ఉండేది.

"మమ్మీ, ఘర్ మే కోయీ సో నహీ రహా. ఫిర్ ఇయర్‌ఫోన్ క్యోం?" అంది బిందుప్రియ ఒకరోజు. ఎవరూ నిద్రపోని ఇంట్లో ఇయర్‌ఫోన్లెందుకో శైలజకూ తెలియలేదు. తెలియనందుకు భయమేసింది.

ఆదివారం పొద్దెక్కినా మురళి లేవలేదు. పొయ్యి మీద కుక్కర్లో పప్పు. చెయ్యి దానంతటదే విజిల్ తీయబోయింది. వీపు వెనక "ష్" వినబడింది, ఎప్పట్లాగే. శైలజ వెనక్కి తిరగలేదు. విజిల్ని మూత మీదే గట్టిగా నొక్కి నోరు తెరిచింది. ముందు వట్టి గాలే వచ్చింది. పొట్టలోంచి లాగింది. అప్పుడొచ్చింది పాట, బొంగురుగా, బీటలు వారి, ఎక్కడెక్కడో విరుగుతూ. కుక్కర్ కూత పెట్టింది. శైలజ దాన్ని మించి గొంతెత్తింది. ఏడుపొస్తున్నా ఆపలేదు.

గదిలో మంచం కిర్రుమంది.

"శైలూ!" మురళి గొంతులో బెదురు. "ఇంట్లోకి ఎవులే వచ్చింది?"

"నేనే" అంది, వీధి గుమ్మం దాకా వినిపించేలా. "ఇప్పుడే వచ్చేను."