బొటనవేలు ఆగితే

ఫిట్టరు భార్యను చంపింది గుండెజబ్బు కాదు, గిటారు మాస్టారి లెక్క. ఈ విషయంలో ఫిట్టరుకు ఏ కోశానా అనుమానం లేదు. డాక్టర్లు కాగితం మీద ఏం రాసుకున్నా అది వాళ్ళ రాత.

ఆవిడ నలభై ఎనిమిదో ఏట, జెరాక్సు దుకాణం పై అంతస్తులో, మాస్టారి దగ్గర గిటారు మొదలుపెట్టింది. నేర్చుకున్నది బోసా నోవా అనే బ్రెజిల్ దేశపు వాయింపు. అందులో కుడిచేతి బొటనవేలు లావు తీగల మీద నడుస్తుంది. ఒకటి, రెండు, ఒకటి, రెండు. మనిషి నడకలాగే. పక్కనున్న మూడు వేళ్ళు కలిసి సన్న తీగలను లాగుతాయి గాని, నడకతో పాటు కాదు. ఓసారి అరదెబ్బ ముందే పడతాయి. ఓసారి పడవలసిన చోట పడకుండా ఊరుకుంటాయి. ఆ ఖాళీలోనే అందమంతా ఉందంటాడు మాస్టారు.

ఓ రోజు పాఠం మధ్యలో ఆవిడ చెయ్యి ఆగింది. మాస్టారు కళ్ళు మూసుకుని పాదంతో తాళం వేస్తున్నాడు. ఖాళీని బాగా పట్టుకుందని మురిశాడు. ఎనిమిది దెబ్బలు ఎదురుచూశాడు. కళ్ళు తెరిచేసరికి ఆవిడ గిటారు మీదికి వాలిపోయి ఉంది.

ఆ లెక్క ఎవరో పుట్టించింది కాదు. మాస్టారే వచ్చి గుమ్మంలో నిలబడి చెప్పాడు.

“ఎనిమిది దెబ్బలు ఆగానన్నా. చెల్లెమ్మ ఖాళీ పట్టుకుందనుకున్నా.”

నిజం చెప్పేస్తే బరువు దిగుతుందనుకున్నాడు కాబోలు. ఫిట్టరు తలుపు వేసేశాడు. మూడేళ్ళుగా ఆ మనిషి ఎదురైతే రోడ్డు దాటి అవతలి వైపు నడుస్తున్నాడు.

ఇప్పుడు అదే గిటారు, అదే మాస్టారి పాఠాలతో సహా కూతురి చేతికొచ్చింది. అదే గుండె కూడా.

కూతురు కళ్ళద్దాల దుకాణంలో పని చేస్తుంది. ఓ మధ్యాహ్నం కొట్లోనే కళ్ళు తిరిగితే పరీక్షలు చేశారు. తల్లికున్న లోపమే. గుండె ఉన్నట్టుండి లయ తప్పుతుంది. ఛాతీలో చిన్న యంత్రం అమర్చాలి, తేదీ మూడు వారాలకు దొరికింది. ఈలోగా మాత్రలు. ఎప్పుడైనా పడిపోతే మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా ఛాతీ మీద నొక్కాలి, అంబులెన్సుకు ఫోన్ చేయాలి. డాక్టరు ఓ బొమ్మను పడుకోబెట్టి ఫిట్టరుకు నొక్కడం నేర్పించింది. బొమ్మ మీద ఆయన చేతులు వణికాయి. ముప్పై ఏళ్ళు పంపుహౌసులో ఇనుము తిప్పిన చేతులు.

అప్పటినుంచి ఆయన గుండె గుప్పిట్లో పెట్టుకుని బతుకుతున్నాడు. ఆ పిల్ల స్నానానికి వెళ్తే నీళ్ళ చప్పుడు వింటాడు. నిద్రపోతే ఊపిరి వింటాడు. పంపుల మంచి చెడ్డలు ఆయన చెవితోనే పట్టేస్తాడు. స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు నొక్కిపెడితే లోపలి రోగం బయటపడుతుంది. ఆ స్క్రూడ్రైవరు ఇప్పుడు ఇంట్లోనే ఉంటోంది.

“మూడు వారాలు ఆ డొక్కు గిటారు ముట్టుకోకపోతే కొంప మునుగుతుందా?” అన్నాడు.

“డాక్టరమ్మ వద్దనలేదుగా నాన్నా. అమ్మ సగంలో వదిలేసిన వాయింపు అది. నాకు ఇప్పుడే కావాలి.”

“ఇప్పుడే ఎందుకు?”

ఆ పిల్ల గిటారు తీగలు బిగిస్తూ కూర్చుంది. జవాబు అక్కర్లేదు. తనకూ భయమే.

చివరికి ఒప్పందం కుదిరింది. గది తలుపుకు గడియ పెట్టకూడదు. వాయిస్తున్నంతసేపూ బొటనవేలు ఆగకూడదు. మిగతా వేళ్ళు ఏ గంగలో దూకినా సరే.

గదికీ వంటింటికీ మధ్య చెక్క గోడే. ఆయన స్టూలు వేసుకుని కూర్చుని, స్క్రూడ్రైవరు మొన చెక్కకు ఆనించి వినేవాడు. ఒకటి, రెండు, ఒకటి, రెండు. అది నడుస్తున్నంతసేపూ కూతురు బతికే ఉంది. వేళ్ళు విడిచే ఒక్కో ఖాళీ దగ్గర మాత్రం ఆయన పై ప్రాణాలు పైనే పోయేవి. వారం తిరిగేసరికి ఆ వాయింపు మొత్తం ఆయనకు కంఠతా వచ్చేసింది. రమ్మని ఎవడూ పిలవలేదు. అసహ్యించుకుంటూనే నేర్చుకున్నాడు.

ఎనిమిదో రోజు సాయంత్రం బొటనవేలు ఆగింది. వేళ్ళ చప్పుడు ఒక్కటే పొడిపొడిగా వినిపిస్తోంది. ఆయన ఒక్క ఉదుటున తలుపు తోసుకుని లోపలికి పడ్డాడు. తలుపు తగిలి బల్ల మీది గాజు గ్లాసు భళ్ళున పగిలింది. కూతురు నిక్షేపంగా కుర్చీలో కూర్చుని ఉంది.

“ఏంటి నాన్నా ఇది!”

“వేలు ఆగింది.”

“మాస్టారు ఇవాళ్టికి వేళ్ళు విడిగా సాధన చేయమన్నారు. అందుకు ఆపాను.”

“ఆ మాట ముందు చెప్పి ఏడవొచ్చుగా!”

“ఇలా దొంగల్లే మీద పడితే యంత్రం పెట్టేలోపు నువ్వే చంపేస్తావు నన్ను!” ఆ పిల్ల గుండె మీద చెయ్యి వేసుకుని రొప్పుతోంది. “ఇంకోసారి ఇలా దూరావంటే పిన్ని ఇంటికి పోతా. ఒట్టు. పంపుహౌసులో కుర్రాళ్ళకి ఏం చెప్తావు నువ్వు? చప్పుడు తేడా వస్తే?”

ఆయన వంగి గాజుపెంకులు ఏరడం మొదలుపెట్టాడు.

“ఇరవై లెక్కపెట్టమంటావు. పైపులో గాలి బుడగ అయితే దానంతటదే పోతుంది, కంగారుపడి స్విచ్చి కట్టేసేవాడు ఫిట్టరు కాదు, పిరికిపంద అంటావు. మరి నా దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఏ గాలికి పోయింది?”

ఆ మాటకు ఇద్దరికీ నవ్వు రావలసింది. కూతురికి వచ్చింది కూడా. ఆయన గాజుపెంకులు ఏరుతూ ఉండిపోయాడు. తన వల్లే ఆ గుండె అదిరిందన్న భయం పాత భయం మీద కొత్తగా వచ్చి కూర్చుంది. వెళ్తే ఒక భయం, వెళ్ళకపోతే ఒక భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

తేదీకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆదివారం ఉదయం పది గంటలు. ఆయన వంటింట్లో స్టూలు మీద ఉన్నాడు. బొటనవేలు నడుస్తోంది. వేళ్ళు ఆ రోజు ఎన్నడూ లేనంత బాగా పడుతున్నాయి. ఇన్నాళ్ళూ తడబడిన చోట కూడా తడబడలేదు. పరాయివాడి పాటే అయినా బాగుందని మనసు ఒప్పుకోబోయింది.

బొటనవేలు ఆగింది.

వేళ్ళు కూడా ఆగాయి.

ఆయన సగం లేచాడు. అలాగే ఆగాడు. మళ్ళీ దూరితే? ఊరికే కాగితం తిప్పుతుంటే? ఆ గుండెను తన చేతులారా అదరగొడితే? ఒకటి, రెండు. ఆ లెక్క ఎవరు మొదలుపెట్టారో ఆయనకు తెలియదు. బొటనవేలి నడకలోనే సాగింది. ఆరు, ఏడు. చెక్కలోంచి చెవికి ఏమీ అందడం లేదు. తొమ్మిది, పది. గాలి బుడగే. పోతుంది. పద్నాలుగు. కుళాయి నుంచి ఓ చుక్క పళ్ళెంలో పడింది. పదిహేడు. పద్దెనిమిది. గాలి బుడగ కాదని ఆయనకు తెలుసు. మూడో దెబ్బకే తెలుసు.

ఇరవై.

కూతురు కుర్చీ పక్కన నేల మీద ఉంది. గిటారు బోర్లా పడి ఉంది. ఆ పిల్ల పెదవులు రంగు మారుతున్నాయి.

ఆయన మోకాళ్ళ మీద పడి, ఫోను నేల మీద పెట్టి, అరుస్తూనే నొక్కాడు. ఈసారి చేతులు వణకలేదు. వాటికి తెలిసిన లయ ఒక్కటే. ఒకటి, రెండు, ఒకటి, రెండు. ఖాళీ ఒక్కటి కూడా వదలకుండా నొక్కాడు. ఎముక కటుక్కుమన్నా ఆపలేదు. అంబులెన్సువాళ్ళు వచ్చి ఆయన్ను పక్కకు లాగేయవలసి వచ్చింది.

ఆసుపత్రి వరండాలో ఇనుప బెంచీ మీద కూర్చున్నాడు. లోపల ఏం జరుగుతోందో ఎవరూ చెప్పలేదు. రెండు గంటల తర్వాత మెట్లెక్కి మాస్టారు వచ్చాడు. పాఠానికి రాలేదేమని అమ్మాయికి ఫోన్ చేస్తే, ఎత్తిన పక్కింటివాళ్ళు చెప్పారట. బెంచీకి ఆ చివర గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పొమ్మనడానికి ఫిట్టరు దగ్గర సత్తువ లేదు.

తలుపు తెరుచుకుని డాక్టరు వచ్చింది.

“ప్రాణానికి భయం లేదు. రేపే యంత్రం పెట్టేస్తాం. పక్కటెముక ఒకటి విరిగింది, అతుక్కుంటుంది లెండి. ఒక్క సంగతి రాసుకోవాలి. అమ్మాయి పడిపోయిన ఎంతసేపటికి మీరు చూశారు?”

“వాయిద్యం ఆగింది. వెళ్ళాను.”

“వెంటనేనా?”

వెంటనే అంటే సరిపోతుంది. గోడకు ఆనుకున్న మనిషి వింటున్నాడు. ఆ రోజు గుమ్మంలో నిలబడి అబద్ధం చెప్పగలిగి కూడా చెప్పని మనిషి.

“ఇరవై,” అన్నాడు ఫిట్టరు.

“ఇరవై ఏంటండీ? సెకన్లా? నిమిషాలా?”

“దెబ్బలు.”

డాక్టరు అర్థం కాక చూసింది. మాస్టారు కళ్ళు దించుకుని, కుడిచేతి బొటనవేలితో తొడ మీద మెల్లగా వేసుకున్నాడు. ఒకటి, రెండు, ఒకటి, రెండు. ఇరవై దాకా వేశాడు.

“పదకొండు సెకన్లండీ.”

“అంతేనా? మరీ మంచిది. చాలామంది నిమిషాలకు నిమిషాలు బిగుసుకుపోతారు,” అని రాసుకుని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

వరండాలో ఇద్దరే మిగిలారు. మాస్టారు నోరు తెరుస్తాడని ఫిట్టరు చూశాడు. నాది ఎనిమిదే కదన్నా అంటాడని భయపడ్డాడు. పొద్దుటి నుంచి పడ్డ భయాలన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. మాస్టారు అనలేదు. చెప్పుల చప్పుడు కాకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అన్నా బాగుండేది. తిరిగి తిట్టడానికి ఒక మాట దొరికేది.

నెల తిరిగాక కూతురు మళ్ళీ గిటారు పట్టుకుంది. ఫిట్టరు స్క్రూడ్రైవరును పంపుహౌసులో దాని మేకుకు తగిలించి వచ్చాడు. మాస్టారు ఎదురైతే ఇప్పటికీ రోడ్డు దాటుతున్నాడు. క్షమించడం ఆయనకు చేతకాదు. మాస్టారినే కాదు, తనను కూడా.

ఓ పూట అన్నం తింటూ కూతురు అడిగింది.

“నాన్నా, ఆ రోజు నేను పడిపోయాక నువ్వు—”

“తిను.”

“అది కాదు, మాస్టారేమో—”

ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

“ఆ సంగతి ఈ ఇంట్లో ఇదే ఆఖరు,” అన్నాడు. “నువ్వు అడగొద్దు. వాడు చెప్పొద్దు. నేను చచ్చేదాకా నా నోటినుంచి రాదు.”