పదిహేడో గడి

అక్టోబరు వచ్చిందంటే వెర్నర్ లాహ్టి మోకాళ్లకు తోలు తొడుగులు కట్టుకుని, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని ట్రక్కెక్కుతాడు. టార్చిలైటు, పిడి ఉన్న చిన్న అద్దం, విషవాయువు కొలిచే మీటరు, సబ్బునీళ్ల సీసా అతని ఆయుధాలు. సరస్సు ఒడ్డున ఉన్న చక్రాల ఇళ్ల పేటల్లో మంచు పడేలోగా ఇల్లు వెచ్చబెట్టే ప్రతి గ్యాసు ఫర్నేసునూ పరీక్ష చేసి కౌంటీ ఆఫీసుకి కాగితం పంపడం అతని ఉద్యోగం. పద్దెనిమిదేళ్లుగా అదే పని. ఈ పద్దెనిమిదేళ్లలో తనకు ఒక్కరూ నిజం చెప్పలేదని అతని గట్టి నమ్మకం.

"ఫిల్టరు నిన్ననే మార్చానండీ" అంటారు. లాగి చూస్తే ఇంకో పిల్లిని తయారు చేసుకోవడానికి సరిపడా బొచ్చు ఉంటుంది. ఫర్నేసు అల్మారాలో ఏమీ పెట్టకూడదని తలుపు మీద రాసి ఉంటుంది. చీపురు ఆ రాతకే ఆనించి ఉంటుంది. "అది ఇప్పుడే పెట్టా" అంటారు. వెర్నర్ ఎవర్నీ నమ్మడు. తనను తాను అసలే నమ్మడు. సొంత ఇంటి ఫర్నేసును పరీక్ష చేసుకుని, చేసినవాడు సరిగ్గా చూశాడో లేదోనని మర్నాడు మళ్లీ చూసుకుంటాడు.

పరీక్షలో అసలు పని మొదటి మంట. ఎండాకాలమంతా నిద్రపోయిన ఫర్నేసును వెలిగించగానే దుమ్ము కాలిన వాసన వస్తుంది. ఆ వెనకాలే, వేడిగాలి వచ్చే నేల జాలీల్లోంచి కిందటి చలికాలం ఆ ఇంట్లో అన్న మాటలు వస్తాయి. అన్నీ రావు. పెదాల మీది మాటలు రావు, గుండెలోంచి అన్నవే వస్తాయి. నవంబరు నుంచి మార్చి దాకా వరసగా, ఓ పావుగంట. ఆ ఒక్కసారే. తర్వాత కాలిపోతాయి. కట్టెల పొయ్యికి ఈ గుణం లేదు కనక అక్కడి మొగుడూ పెళ్లాలు పోట్లాట ముదిరితే లేచి వెళ్లి ఆవిరిస్నానం గదిలో, కట్టెల పొయ్యి ముందు కూర్చుని పోట్లాడుకుంటారు. మొదటి మంట రోజున కొందరు రేడియో పెంచుతారు. కొందరు కుక్కను తిప్పుకురావడానికి పోతారు, కుక్క లేనివాళ్లు కూడా.

కౌంటీ ఫారంలో పదిహేడో గడి దీనికోసమే: 'మొదటి మంటలో వినబడిన మాటలు'. అందులో ఇన్స్పెక్టరు రాసి, కింద స్థలం యజమాని సంతకం పెడితే అది కోర్టులో చెల్లుతుంది. ఉద్యోగంలో చేరిన ఏడు వెర్నర్ ఒక ఇంట్లో విన్నది విన్నట్టు రాశాడు. రెండు కాపురాలు కూలాయి, అతని ట్రక్కు టైర్లు నాలుగూ కోతపడ్డాయి. అప్పట్నుంచీ ఏ ఇంటికి వెళ్లినా ఒకటే మాట రాస్తున్నాడు: 'సామాన్యం'. దాన్ని అతను మర్యాద అంటాడు. బద్ధకమని అతనికి తెలుసు.

ఆ గురువారం పొద్దున పేట గేటు దగ్గర క్రెయిగ్ హిల్టునెన్ ఎదురొచ్చాడు. పేట యజమాని గస్ కిందటి మార్చిలో పోతే, పిల్లల్లేని ఆయన ఆస్తి అంతా ఈ అన్న కొడుక్కి వచ్చింది.

"వెర్నర్ గారూ, మిమ్మల్నే పంపమని నేనే ఫోన్ చేశా. మీ అంత పద్ధతిగా రాసేవాళ్లు కౌంటీలో లేరు" అంటూ కిటికీలోంచి ఓ పొట్లం సీటు మీద పెట్టాడు. "జింక మాంసం సాసేజీలు. నేను కొట్టిన జింకే."

ఈ పేటల్లో వెర్నర్‌కి ఇంతవరకు ఊరికే దొరికింది జలుబొక్కటే. పొట్లం కదులుతుందేమోనన్నట్టు చూశాడు.

"ఏ ఇల్లు?"

"చివరిది. ఎల్మా ట్రెవారో. ముసలామె మిమ్మల్ని రెండుసార్లు తిప్పి పంపిందటగా! ఇవాళ వెలిగించాల్సిందే. పాసైతే మంచిదే. కాకపోతే వాడకూడదని ఎర్ర చీటీ కట్టేసి పొండి, నెల తిరిగేసరికి ఇల్లు లేపించేస్తా. సోమవారం సరస్సు వైపు జాగా చూసుకోవడానికి మనుషులొస్తున్నారు."

పాసైనా సంతోషం, ఫెయిలైనా సంతోషం అనే యజమానిని వెర్నర్ ఇంతవరకు చూడలేదు. ట్రక్కు ముందుకు పోనిచ్చాడు కానీ, కళ్లు అద్దంలో క్రెయిగ్ మీదే ఉన్నాయి.

ఎల్మాకి డెబ్బై తొమ్మిదేళ్లు. ఇంట్లోనే, పోయిన మొగుడి నారింజరంగు వేటకోటు తొడుక్కుని కూర్చుంది. ఓవెన్ తలుపు బార్లా తెరిచి ఉంది, దాని ముందు కుర్చీ మీద మేజోళ్లు ఆరేసి ఉన్నాయి. వెర్నర్ మొదటిసారి వచ్చినప్పుడు ఆమె తాను ఇంట్లో లేనని తలుపు వెనకనుంచి తనే చెప్పింది. రెండోసారి కుక్కకి ఒంట్లో బాగాలేదంది. ఆమెకి కుక్క లేదు.

"కుక్కకెలా ఉంది?" అన్నాడు వెర్నర్.

"పోయింది పాపం" అంది ఎల్మా. "ఆ ట్రక్కులో పొట్లం వాడిచ్చిందేనా?"

"సాసేజీలు."

"తిన్నావా?"

"లేదు. కుక్క ఉంటే ముందు దానికి పెట్టి చూద్దును."

"పోయిందని చెప్పాగా!"

వెర్నర్ ఓవెన్ వైపు చెయ్యి చూపించాడు. "గ్యాసు ఓవెన్‌తో ఇలా చలి కాచుకుంటే ఆ విషవాయువుకి ఓ పొద్దున మీరు లేవరు. ఫర్నేసు పెట్టుకుని ఈ అవస్థేమిటి?"

ఎల్మా కొంచెంసేపు అతని మొహంలోకి చూసింది. పప్పులో రాయి ఉందేమోనని చూసే చూపు అది.

"చెబితే నువ్వెలాగూ రాయవు. అయినా విను. గస్ ప్రతి గురువారం ఇక్కడే తిని, నాతో పేకాడి పోయేవాడు. ఫిబ్రవరిలో ఓ రోజు, అదిగో ఆ కుర్చీలో కూర్చుని, నేను బతికున్నన్నాళ్లు ఈ జాగా నాదేనని మాటిచ్చాడు. కాగితం లేదు. ఆ మాట ఈ ఫర్నేసులో ఉంది. ఆ క్రెయిగ్‌కీ తెలుసు."

"ప్రతి ఇంట్లోనూ ఇలాగే చెబుతారు. ఒకరి ఫర్నేసులో వీలునామా ఉంటుంది, ఇంకొకరి దాంట్లో పెళ్లి ప్రమాణం ఉంటుంది. వెలిగిస్తే వచ్చేది గురక."

"గురకో, మాటో! వచ్చేది ఒక్కసారి. నువ్వు 'సామాన్యం' అని రాసి టోపీ పెట్టుకుని పోతావు. అందుకే కదా వాడు ఏరికోరి నిన్ను పిలిపించింది! అందుకే నేనిలా వణుకుతూ కూర్చుంది."

ఆమె అన్నదాంట్లో అబద్ధం ఎక్కడుందోనని వెర్నర్ వెతికాడు. దొరకలేదు. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి ఒకళ్లు నిజం చెబితే అది తన గురించే కావాలా అనుకున్నాడు.

ఇంతలో మెట్ల మీద బూట్ల చప్పుడు. క్రెయిగ్ లోపలికొచ్చాడు.

"ఇంకా వెలిగించలేదా? వెర్నర్ గారూ, మీరు ఇంటి కిందకెళ్లి గ్యాసు గొట్టం చూసుకోండి, పైన నేను వెలిగిస్తా. చెరో చెయ్యి వేస్తే త్వరగా అయిపోతుంది."

సాసేజీలు ఒకటి, పొగడ్త రెండు, సాయం మూడు. వెర్నర్‌కి ఇక అనుమానం కాదు, రూఢి అయింది.

"మంచి ఆలోచన. కాకపోతే తిరగేద్దాం" అన్నాడు. "వెలిగించడానికి లైసెన్సు కావాలి. కింద పడుకోవడానికి అక్కర్లేదు. ఈ సబ్బునీళ్లు అతుకుల మీద కొట్టండి. బుడగ లేస్తే అరవండి. నేను పిలిచేదాకా బయటికి రావద్దు."

క్రెయిగ్ తన కొత్త బూట్లు చూసుకున్నాడు.

"ఇష్టం లేకపోతే వచ్చే గురువారం పెట్టుకుందాం" అన్నాడు వెర్నర్.

వచ్చే గురువారానికి ముందు సోమవారం ఉంది. క్రెయిగ్ సబ్బునీళ్లు పట్టుకుని, ఇంటి అడుగున చుట్టిన రేకు ఎత్తి, బురదలోకి పాకాడు.

వెర్నర్ ఫర్నేసు వెలిగించాడు. నీలిమంట లేచింది. దుమ్ము కాలింది. జాలీలోంచి ముందు దగ్గు, ఆ తర్వాత గస్ గొంతు: "తురుపు నాదే, ముక్క వెనక్కి తీసుకో." ఆ వెనక ఎల్మా గొంతు: "దొంగాట ఆడేవాళ్లకి ఈ ఇంట్లో రెండో మాంసం పేస్టీ పెట్టరు." నేల కింద క్రెయిగ్ ఒక్కసారిగా పాట ఎత్తుకున్నాడు, గొట్టం మీద దరువు కూడా వేశాడు.

వెర్నర్ చెవి అటు లేదు. కన్ను మంట మీద ఉంది. ఫ్యాను తిరగడం మొదలైంది. బాగున్న ఫర్నేసులో ఫ్యాను తిరిగినా మంట నిలబడే ఉంటుంది. ఈ మంట పక్కకి తలవాల్చింది. అద్దం పెట్టి టార్చి వేస్తే లోపలి రేకు మీద వెంట్రుకంత బీట. మీటరులో అంకె పైకి పాకుతోంది. ఇలాంటప్పుడు రూలు ఒక్కటే: వెంటనే గ్యాసు కట్టెయ్యాలి. అతని చెయ్యి మీట మీదికి వెళ్లింది.

జాలీలోంచి జనవరి వచ్చింది.

"వెర్నర్ గాడా?" అంది గస్ గొంతు. "వాడికి చెవులున్నది టోపీ ఆగడానికి. ఈ ఫర్నేసులోంచి దేవుడే పలికినా 'సామాన్యం' అని రాసి ట్రక్కెక్కుతాడు."

ఆ వెంటనే ఎల్మా నవ్వు. చాలాసేపు నవ్వింది.

ఎదురుగా నిలబడ్డ ఎల్మా జాలీ వంక చూస్తూ, "అది పోయిన చలికాలం మాట" అంది.

గుండెలోంచి రానిది ఫర్నేసు దాచుకోదు కదా అనుకున్నాడు వెర్నర్. అంత నవ్వూ నిజమే అన్నమాట. మీట మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది. తర్వాత ఆ చేత్తోనే ముందు తలుపు తీశాడు, వెనక తలుపు తీశాడు, కిటికీలన్నీ ఎత్తేశాడు. సరస్సు గాలి ఇంట్లో ఒక చివరనుంచి ఇంకో చివరకి దూసుకుపోయింది. మేజోళ్లు ఎగిరిపోయాయి. మీటరులో అంకె దిగింది.

"మీరు గుమ్మంలో నిలబడండి, గాలి తగిలేచోట. దీనికి బీట ఉంది."

"మరి ఆపవా?"

"ఆపుతా. నేను కాస్త నెమ్మది మనిషిని, ఎవర్నడిగినా చెబుతారు." జేబులోంచి కలం తీశాడు. "ఫిబ్రవరి ఎప్పుడొస్తుంది?"

"నేను వరసగా మూడాటలు గెలిచాక" అంది ఎల్మా, కోటు మెడ దాకా లాక్కుంటూ.

ఆమె మూడాటలూ గెలిచింది. గస్ దగ్గు పెద్దదైంది. కింద క్రెయిగ్ గొంతు బొంగురుపోయింది. అప్పుడొచ్చింది మాట.

"ఎల్మా, నువ్వు బతికున్నన్నాళ్లు ఈ జాగా నీది. నా తర్వాత వచ్చేవాడికి కూడా ఈ ఇంటిని కదిపే హక్కు లేదు. క్రెయిగ్‌కి చెప్పా. తలూపాడు."

"కాగితం మీద పెట్టొచ్చుగా?"

"నా మాటంటే నీకు లోకువా?"

ఆ తర్వాత మార్చి. గస్ లేడు. ఎల్మా గొంతు ఒక్కటే, ఎవరికో చెబుతున్నట్టు: "కాగితం అడిగితే కోపం వచ్చింది మహానుభావుడికి." అంతే. ఇక వట్టి గాలి.

వెర్నర్ గ్యాసు కట్టేసి, ఫర్నేసుకి ఎర్ర చీటీ కట్టి, బల్ల ముందు కూర్చున్నాడు. గడి చిన్నది, మాటలు పెద్దవి. కాగితం తిప్పి వెనక కూడా రాశాడు. మధ్యలో ఒక్కటి వదిలినా రేపు కోర్టులో వకీలు అక్కడే వేలు పెడతాడు. జనవరి దగ్గర కలం ఆగింది.

"టోపీ ఆగడానికి అన్నాడా, కళ్లజోడు ఆగడానికి అన్నాడా?"

"టోపీయే" అంది ఎల్మా మెల్లగా.

టోపీ అనే రాశాడు.

క్రెయిగ్‌ని పిలిచాడు. అతను నెత్తినుంచి బూట్ల దాకా బురదతో వచ్చాడు. ఎర్ర చీటీ చూడగానే మొహం వెలిగింది.

"ఫెయిలా? అయ్యో పాపం! మాటలు మామూలేగా?"

"మీరు విన్లేదా?"

"కింద ఏం వినబడుతుందండీ! మీరెప్పుడూ రాసేదేగా" అని కలం లాక్కుని, కింద బురదవేళ్లతో సంతకం గీకాడు. వెర్నర్ రెండువైపులా రాసి ఉంచిన నకలు చించి అతని చేతిలో పెట్టాడు. క్రెయిగ్ మడతపెట్టబోయి, పదిహేడో గడిలో అన్ని మాటలుండటం చూసి ఆగాడు. చదివాడు. తిప్పి, వెనక కూడా చదివాడు.

"ఇదేంటి... ఎప్పుడూ సామాన్యమనే కదా రాస్తారు!"

"సామాన్యంగా అంతే" అన్నాడు వెర్నర్. ట్రక్కులోంచి పొట్లం తెచ్చి ఆ కాగితం మీదే పెట్టాడు. "ఇవి కూడా తీసుకెళ్లండి. కుక్క పోయింది."

స్థలం మీద హక్కున్న ముసలివాళ్ల ఫర్నేసు చెడిపోతే కౌంటీయే కొత్తది పెడుతుంది. తొమ్మిదో రోజుకి, నవంబరు మొదట్లో, పెట్టారు. ఆ తొమ్మిది రోజులూ ఎల్మా ఇంట్లో వెర్నర్ తెచ్చిచ్చిన కరెంటు హీటరు పనిచేసింది. దాన్ని అతను రోజూ వచ్చి అనుమానంగా చూసిపోయేవాడు. సోమవారం రావలసిన మనుషులు రాలేదు.

కొత్తది వెలిగించిన రోజు జాలీలోంచి కొత్త ఇనుము వాసన తప్ప ఏమీ రాలేదు. మంట నిటారుగా నిలబడింది. మీటరు సున్నా దగ్గరే ఉంది. వెర్నర్ రెండోసారి కూడా చూశాడు. పదిహేడో గడిలో 'ఏమీ లేదు' అని రాసి, సామాన్లు సర్దుకుంటున్నాడు. ఎల్మా బల్ల పట్టుకుని, ఒక మోకాలు, తర్వాత ఇంకో మోకాలు నేలకి ఆనించి, జాలీ దగ్గరికి మొహం వంచింది.

"వెర్నర్‌కి చెవులున్నాయి" అంది.

వెర్నర్ ఆమెకి చెయ్యందించి లేపాడు. ట్రక్కు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అది గుండెలోంచే అన్నారా?"

"వచ్చే అక్టోబరులో వచ్చి విను" అంది ఎల్మా, వేటకోటు విప్పి కొక్కేనికి తగిలిస్తూ.