గాలి నిండిన జాకెట్

సముద్రం మీద గస్తీకి విమానం లేచినప్పటినుంచీ బావమరిది నోటికి తాళం లేదు. తోకలో తుపాకీ దగ్గర ఉండాల్సినవాడు, కాళ్ళు పట్టేశాయని వంక పెట్టి వైర్‌లెస్ ఆపరేటర్ పక్కకు చేరాడు. ఆ ఆపరేటరే వాడి అక్క మొగుడు. "వాడికి ఈత రాదండీ, మీదే భారం" అని ఆవిడ గుమ్మం దగ్గర చెప్పిన మాట ఆయన చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

ఇంతలో శత్రువుల ఓడ నుంచి వచ్చిన గుండు ఇంజన్‌ను బద్దలు కొట్టింది.

"నీళ్ళ మీదే దింపుతున్నా, గట్టిగా పట్టుకోండి!" అని పైలట్ కేకేశాడు.

బావమరిది ముఖంలో కత్తివేటుకు నెత్తుటిచుక్క లేదు. లైఫ్ జాకెట్ తాడు కోసం వేళ్ళు తడుముకుంటున్నాయి.

"బావా, ఇది పనిచేస్తుందంటావా?"

"చెయ్యకేంరా!" అంటూ ఆయనే తాడు పట్టి లాగాడు. జాకెట్ బుస్సున పొంగింది.

"అమ్మయ్య!" అని వాడు నవ్వాడు.

తలుపు దాటి బయటపడ్డాకే గాలి నింపుకోవాలి. కొత్తగా చేరినవాళ్ళకు ఆ పాఠం చిలక్కి చెప్పినట్టు చెప్పేది ఈయనే. బావమరిది బతక కోరును, దాయాది చావ కోరును అంటారు. ఇక్కడ బతక కోరినవాడు బావ. ప్రాణం మీదికొచ్చినప్పుడు ప్రేమకు పాఠాలు గుర్తుంటాయా, నా బొంద!

విమానం నీళ్ళను గుద్దుకుని ముక్కు దించింది. చూస్తుండగానే తలుపు మునిగిపోయింది. ఆయన బుడుంగున మునిగి, ఆ తలుపులోంచి ఈది పైకి తేలాడు. పైలట్ రబ్బరు పడవ మీద ఉన్నాడు. బావమరిది రాలేదు.

అప్పుడు తట్టింది. గాలి నిండిన జాకెట్‌తో వాడు మునగలేడు! మునిగితే తప్ప తలుపు అందదు. ఆయన పడవలోని కత్తి తీసుకుని మళ్ళీ లోపలికి వెళ్ళాడు. జాకెట్ వాణ్ణి పైకప్పుకు అదిమిపెట్టింది. నీళ్ళు అక్కడిదాకా నిండిపోయాయి. జాకెట్‌ను పొడిచి, వాణ్ణి కాళ్ళు పట్టి బయటికి లాక్కొచ్చాడు.

పడవలో ఎంత ఒత్తినా ఊపిరి రాలేదు. ఆయన ఒత్తుతూనే ఉన్నాడు. చివరికి పైలట్ ఆయన చేతులు పట్టుకుని ఆపాడు.

"పాపం, భయంలో లోపలే తాడు లాగేసుకున్నాడు. నువ్వేం చేస్తావు?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వాడు లాగలేదు సార్. నేను లాగాను. వాడు నవ్వాడు."