నాలుగు వేళ్ళ సందు

మొగుడనేవాడు పెళ్ళాం మాట వినకపోతే పోనీ, అసలు ఎవరి మాట వినాలో అయినా తెలిసుండాలి. గడియారాలు బాగుచేసే ఈ మహానుభావుడు ఇరవై నాలుగేళ్ళ కాపురంలో భార్య మాట వినలేదు, డాక్టరు మాట వినలేదు. చివరికి ఒక చొక్కా మాట విన్నాడు.

మామూలు చొక్కా కాదది. నల్లగా, కుబుసంలా ఒంటికి అతుక్కుపోయి, లోపల వీపు మీద గుణకారం గుర్తులా రెండు సాగుడు పట్టీలతో ఉంటుంది. మనిషి కాస్త వంగితే చాలు, భుజాలు పట్టి వెనక్కి గుంజుతుంది. దాని ధరకి ఇంటిల్లిపాదికీ ఏడాదికి సరిపడా బట్టలొస్తాయి. ఇంటిల్లిపాదీ అంటే ఇప్పుడు ఇద్దరే కనుక రెండేళ్ళకొస్తాయి.

“నిటారుగా కూర్చోండని ఇన్నేళ్ళూ నేను ఊరికే చెప్పానుగా!” అంది ఆమె, పెట్టె విప్పుతుంటే.

“నువ్వు చెప్పి ఊరుకుంటావు. ఇది లాగుతుంది.”

“లాగమంటే నేనూ లాగేదాన్ని.”

పెరటి చెట్టు మందుకి పనికిరాదు మరి.

ఆయన తిప్పలు అబద్ధం కాదు. రోజుకి పది గంటలు, కంటికి భూతద్దం బిగించుకుని, నువ్వుగింజంత మరల మీదికి వంగి వంగి, మెడ తాబేలు తలలా ముందుకొచ్చేసింది. ఈమధ్య ఎడమ చేతి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. పట్టకారులోంచి మరలు జారిపోతున్నాయి. చెయ్యి నమ్ముకున్న మనిషికి అంతకన్నా భయం ఏముంటుంది?

ఆమెకున్న తిప్పలు వేరు. కూతురు ఉద్యోగానికని వేరే ఊరు వెళ్ళాక ఇంట్లో మాటలు మూడుకి పడిపోయాయి: తిన్నావా, తలుపు వేశావా, లైటు తీసెయ్యి. భోజనానికి ఎదురెదురుగా కూర్చున్నా ఆమెకి కనిపించేది ఆయన నడినెత్తే. అక్కడ జుట్టు ఎప్పుడు పలచబడిందో రోజుల లెక్కన చెప్పగలదు. కళ్ళద్దాలు ఎప్పుడు మార్చాడంటే మాత్రం తడుముకుంటుంది.

చొక్కా నచ్చకపోతే రెండు నెలల్లోపు తిరిగి పంపొచ్చన్నారు కంపెనీవాళ్ళు. తేల్చడానికి ఆమే ఒక కొలత పెట్టింది. కూతురి ఎత్తు ఏటేటా పెన్సిలుతో గీసిన గుమ్మానికి ఆయన మడమలూ వీపూ ఆనించి నిలబడాలి. తలకీ చెక్కకీ మధ్య సందులో ఆమె వేళ్ళు పక్కపక్కన పెట్టి చూస్తుంది. మొదటి ఆదివారం నాలుగు వేళ్ళు హాయిగా పట్టాయి.

“నీ వేళ్ళు సన్నం,” అన్నాడాయన.

“ఇరవై నాలుగేళ్ళకి ఒక మెచ్చుకోలు. రాసి పెట్టుకుంటాను.”

అసలు చిక్కు మొదటి రోజు సాయంత్రమే బయటపడింది. ఆ చొక్కా తొడుక్కోవడం ఒకరి పనే కానీ విప్పడం ఒకరి వల్ల కాదు. చేతులు పైకెత్తి, తల లోపల ఇరుక్కుపోయి, గది మధ్యలో నిలబడి ఆయన కేక పెట్టాడు.

“ఇదిగో, ఎక్కడున్నావ్? ఒకసారి రా!”

ఆమె వచ్చి లాగింది. అది రాలేదు. వస్తున్న నవ్వుని పొట్టలో దాచుకుని మళ్ళీ లాగింది.

చిత్రమేమిటంటే, తల గుడ్డలో ఉంటే ఆయనకి మాటలొచ్చేవి. “ఇవాళ ఒక పెద్దావిడ నడుస్తున్న గడియారాన్నే బాగుచెయ్యమని తెచ్చింది. ఏం కాలేదమ్మా అంటే, పోనీ ఒకసారి విప్పి చూడండి అంది. గంటసేపు కూర్చుంది.”

“ఎందుకూ?”

“ఏమో. ఇంట్లో ఎవరూ లేరేమో.”

ఆమె లాగడం ఆపింది. కాసేపాగి, మునుపటికన్నా నెమ్మదిగా లాగింది.

అప్పట్నించీ రోజూ ఏడు గంటలకి అంతే. పిలుపు రాకముందే ఆమె చేతులు తుడుచుకుని ఉండేది. బయటికి మాత్రం “మొగుణ్ణి ఒలుచుకోవడం కూడా నా పనేనా?” అని సణిగేది. సణుగుడు ఉచితమే.

తొమ్మిదో ఆదివారం, గడువు ఆఖరి రోజు. ఆయన గుమ్మానికి ఆని నిలబడ్డాడు. మూడు వేళ్ళు దూరాయి. చిటికెన వేలు ఆగిపోయింది.

అప్పుడు నిజం చెప్పేస్తే కథే లేదు. ఆమెకి సంతోషం రావలసిన చోట రోషం వచ్చింది. తను వేల సార్లు చెప్పినా కదలని తల, ఎవరో కుట్టిన గుడ్డ చెబితే కదిలిందా?

“ఎన్ని?”

చిటికెన వేలిని గట్టిగా తోసింది. ఆయన తల మర్యాదగా ముందుకి జరిగింది.

“నాలుగే.”

“అంతేనా? నాకేమో కాస్త తేలికైనట్టే అనిపించింది.”

“అంత పోసి కొన్నాక అనిపించకపోతే ఎలా?”

తన నెత్తి వెనక ఏముందో తనకి కనబడదు కదా, ఆయన నమ్మాడు. చొక్కా మడతపెట్టి పెట్టెలో పెట్టి పంపేశాడు.

మర్నాడు ఏడింటికి ఆమె చేతులు తుడుచుకుని నిలబడింది. ఆయన మామూలు చొక్కా బొత్తాలు తనే విప్పుకుని, దాన్ని కొక్కేనికి తగిలించి, భోజనానికి కూర్చున్నాడు. నడినెత్తి. తిన్నావా. తలుపు. లైటు.

పది రోజులు అలాగే గడిచాయి. పళ్ళెం పక్కన ఆయన ఎడమ చేతి వేళ్ళని కుడి చేత్తో నొక్కుకుంటుంటే ఆమె చూసింది, చూడనట్టు నీళ్ళ గ్లాసు జరిపింది.

కూతురు ఫోన్ చేసింది. “నాన్న చొక్కా ఏమైందమ్మా?”

“పంపించేశారు. పనిచెయ్యలేదు.”

“అదేంటి? ఆమధ్య వీడియో కాల్లో మెడ తిన్నగానే కనిపించిందే!”

“నువ్వు ఫోను వంకరగా పట్టుకునుంటావు,” అంది. ఆ రాత్రి కూర మాడింది.

మర్నాడు పట్టపగలు ఆమె వంటింటి గోడ గడియారం దించి, సంచిలో వేసుకుని, రెండు వీధులవతల ఆయన దుకాణానికి నడిచింది. అడుగడుక్కీ సంచి టిక్కుటిక్కుమంది. ఆయన బల్ల మీదికి వంగి ఉన్నాడు. ఆమె గడియారాన్ని ఎదురుగా పెట్టింది. ఆయన తల ఎత్తకుండానే చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

“నడుస్తోందిగా అమ్మా.”

కట్టుకున్నవాడు అమ్మా అంటే నవ్వు రావాలి. ఆమెకి రాలేదు.

“పోనీ, ఒకసారి విప్పి చూడండి.”

ఆయన దాన్ని వెనక్కి తిప్పాడు. బ్యాటరీ మార్చిన తేదీలు, తన చేతిరాతే. మెల్లగా తల ఎత్తాడు. ఒక కంటికి భూతద్దం అలాగే ఉంది.

“నువ్వా? ఏమైంది?”

“ఆ రోజు మూడే పట్టాయండీ.”

“ఏంటి మూడు?”

“వేళ్ళు. చిటికెన వేలు నేనే తోసి దూర్చాను.” ఆమె దుకాణానికి వచ్చేవాళ్ళ కుర్చీ లాక్కుని కూర్చుంది. “ఆ చొక్కా పనిచేసింది. పెట్టిన డబ్బుకి మీ మెడ వంపూ తగ్గింది, నాకు మీతో మాట్లాడే సాయంత్రమూ దొరికింది. మళ్ళీ తెప్పించండి. తప్పు నాదే.”